దండ వేసిన ఫోటోల పనిముట్టు

మా నాన్న రాజమండ్రిలో ఫోటోలకు టచింగ్ చేసేవారు. స్టూడియో సొంతం కాదు. మెయిన్ రోడ్డు మీది రెండు మూడు స్టూడియోల వాళ్లు పని తెచ్చి మా వరండాలో పడేసి పోయేవారు. వచ్చే పనిలో సగం పోయినవాళ్లదే. పెద్దాయన పోతాడు, బతికుండగా విడిగా ఒక్క ఫోటో దిగి ఉండడు, ఎవరి పెళ్లిలోనో తీసిన గ్రూపు ఫోటోలో మూడో వరసలో, ఇంకొకరి భుజం చాటున సగం మొహం ఉంటుంది. ఆ సగం మొహాన్నే పెద్దది చేసి తెచ్చేవారు. పదకొండో రోజుకల్లా పటం కట్టి దండ వెయ్యాలి. మిగతాదంతా నాన్న పని. పక్కవాడి భుజం పోవాలి, వెనక షామియానా పోవాలి, చొక్కాకి రెండో కాలరు రావాలి, రెప్ప పడిన కళ్లు తెరుచుకోవాలి.

కళ్లు కుంచెతో తెరిచేవారు. షామియానాని మాయం చెయ్యడానికి మాత్రం అలమరలోంచి ఒక చెక్క డబ్బా దిగేది. లోపల నీలం మఖమల్ గుంటలో నికెల్ పూతతో ఫౌంటెన్ పెన్నులాంటి వస్తువు. నడుం మీద చింతగింజ పట్టేంత గిన్నె, ఆ వెనక చిన్న మీట. 'ఏరోగ్రాఫ్' అని ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉండేవి. 1962లో మద్రాసులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారట. ఎంతకు కొన్నారో అమ్మకి చివరిదాకా చెప్పలేదు.

దానికి గాలి ఎక్కడిదంటే, పాత అంబాసిడర్ కారు టైరుది. ఉత్త ట్యూబయితే బూరలా ఉబ్బిపోతుందే తప్ప ఒత్తిడి నిలవదు కాబట్టి రిమ్ముతో సహా టైరు. వాల్వుకి రబ్బరు గొట్టం, గొట్టం చివర ఆ పెన్ను. రంగుని గాలితో చిమ్మే ఎయిర్‌బ్రష్ అదే. నాలుగు ఫోటోలయ్యేసరికి గాలి దిగిపోయేది. దాన్ని దొర్లించుకుంటూ పంక్చర్ షాపుకి తీసుకెళ్లి, గాలి కొట్టించి, మళ్లీ దొర్లించుకుంటూ రావడం నా ఉద్యోగం. కారు లేని ఇంట్లో కారు టైరు ఏమిటని వీధిలో పిల్లలు నవ్వేవారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, విశాఖలో మా ఇంటికి ఆదివారాలు నలుగురైదుగురు కుర్రాళ్లు వస్తుంటారు. ప్లాస్టిక్ కిట్లు కట్టే పిచ్చి ఉన్నవాళ్లు. నేను షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి, నలభై ఏళ్లకు పైగా అదే పిచ్చిలో ఉన్నవాణ్ణి. వాళ్లలో కొత్తగా చేరిన ప్రతివాడూ అడిగే ప్రశ్న ఒకటే: "అంకుల్, ఏ ఎయిర్‌బ్రష్ కొనమంటారు?" సింగిల్ యాక్షనా డబుల్ యాక్షనా, కప్పు పైనుండాలా సీసా కిందుండాలా, నాజిల్, అంటే రంగు బయటికొచ్చే మూతి, 0.2 మిల్లీమీటరా 0.3నా 0.5నా. ఈ మాటలన్నీ ఎక్కడో చదివి, తల వాచి వస్తారు. నేను జవాబు చెప్పే ముందు టైరు కథ చెబుతాను. ఎందుకంటే ఈ పనిముట్టుని మనకోసం, అంటే బొమ్మ విమానాల వాళ్ల కోసం, ఎవరూ తయారు చెయ్యలేదు. దీన్ని మొహాల కోసం తయారు చేశారు. మనం తరవాత వచ్చి చేతిలోకి తీసుకున్నాం. ఆ సంగతి తెలిస్తే అంగడిలో సగం తికమక పోతుంది.

1870లలో అమెరికాలో ఫోటోని పెద్దది చెయ్యడమంటే ఎండ సాయంతో చేసే పని. వచ్చిన బొమ్మ పాలిపోయినట్టు, మసక మసగ్గా ఉండేది. దాని మీద చిత్రకారుడు బొగ్గుతోనో, సిరాతోనో, నీటిరంగులతోనో మళ్లీ బొమ్మ వెయ్యాలి. ఏజెంట్లు ఇల్లిల్లూ తిరిగి చిన్న ఫోటోలు పోగేసుకుపోయి పెద్ద పటాలు చేయించి తెచ్చి ఇచ్చేవారు. అందులో పోయినవాళ్ల పటాలెన్నో ఊహించుకోవచ్చు. ఆ పని తొందరగా, కుంచె చారలు లేకుండా చెయ్యాలన్న తాపత్రయంలోంచి పుట్టిందే ఈ వస్తువు. 1876లో ఫ్రాన్సిస్ ఎడ్గార్ స్టాన్లీ అనే ఆయన రంగుని గాలితో చిమ్మే సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. మెయిన్ రాష్ట్రంలోని కింగ్‌ఫీల్డ్‌లో కవలల్లో ఒకడిగా పుట్టి, మొహాల బొమ్మలు వేసి, ఫోటోలు తీసి బతికిన మనిషి. ఆ కవలలే తరవాత ఫోటోల గాజు పలకల వ్యాపారం పెట్టి 1904లో ఈస్ట్‌మన్ కొడాక్‌కి అమ్మేశారు. ఆవిరి కార్లు కట్టారు. వాళ్ల ఆవిరి కారు 1906లో ఫ్లోరిడా ఇసకలో గంటకు 127 మైళ్ల వేగం అందుకుంది. అంత చేసిన మనిషి రంగుబుడ్డి సంగతి జనం మరిచిపోవడంలో వింత లేదు.

అయితే ఎయిర్‌బ్రష్ కుదురు వెతికేవాళ్లు ఎక్కువగా చెప్పుకునేది స్టాన్లీని కాదు, అయోవాలో వెబ్‌స్టర్ సిటీ అనే చిన్న ఊళ్లోని ఆబ్నర్ పీలర్‌ని. 1879 ప్రాంతంలో ఆయన నగల పని దుకాణంలో పడి ఉన్న సామాను, పాత స్క్రూడ్రైవరు, కుట్టుమిషను తొక్కుడు ముక్కలు, ఒక చెంచా, చెక్కదిమ్మలు కలిపి ఒక యంత్రం చేశాడు. సన్నటి సూది గాలి జోరుకి ముందుకీ వెనక్కీ ఆడుతూ రంగులో మునిగి లేస్తుంది. దాని కొసన అంటిన రంగుని ఇంకో గాలి ఊది కాగితం మీదికి తోస్తుంది. చెంచాతో ఎయిర్‌బ్రష్ చేశాడంటే మా కుర్రాళ్లు నమ్మరు. కారు టైరుతో గాలి కొట్టిన ఇంట్లో పుట్టాను కాబట్టి నాకు నమ్మడం కష్టం కాలేదు.

పీలర్ దగ్గర ఆ యంత్రం మీద హక్కుని 1881లో ఇల్లినాయి వాసి లిబర్టీ వాకప్ 700 డాలర్లకు కొన్నాడు. 'ఎయిర్ బ్రష్' అన్న పేరు ఆయన భార్య ఫీబీ వాకప్ పెట్టిందంటారు. నాకు ఈ కథలో అందరికంటే ఆవిడే ఇష్టం. రాక్‌ఫర్డ్‌లో వాళ్లు కంపెనీ పెట్టారు, దానితోపాటు బొమ్మల బడి పెట్టారు, ఫీబీ అందులో ఈ సాధనంతో బొమ్మ వెయ్యడం నేర్పేది. పనిముట్టు అమ్మి ఊరుకుంటే జనం దాన్ని అటక మీద పడేస్తారని ఆమెకి తెలుసు. నూటనలభై ఏళ్ల తరవాత కూడా అదే జరుగుతోంది. మా కుర్రాళ్లలో ఒకడి అటక మీద ఇప్పటికి మూడున్నాయి.

వాకప్ అమ్మిన దాన్ని ఇప్పుడు చూస్తే మనం ఎయిర్‌బ్రష్ అనుకోం. ఇవాళ చేతిలో ఉన్నదానికి అసలైన తాత 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. చార్లెస్ బర్డిక్ తయారీ. థేయర్ అండ్ చాండ్లర్ అనే చిత్రకళా సామగ్రి కంపెనీ ప్రదర్శనకు పెట్టింది. సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఫిబ్రవరిలో ఉపన్యసించిన వివేకానందుడు సెప్టెంబరుకల్లా చేరుకున్న చికాగో అదే, ఆ ఏడే. ఆయన ఆ స్టాలు వైపు వెళ్లి ఉండడు లెండి. బర్డిక్ చేసింది పెన్నులా పట్టుకునేది. సూది గొట్టం మధ్యలో ఆడకుండా ఉంటుంది, మీట లాగితే వెనక్కి జరుగుతుంది, జరిగినంత సందులోంచి రంగు దిగుతుంది, దాని చుట్టూ వచ్చే గాలి దాన్ని పొగలా చీలుస్తుంది. తరవాత బర్డిక్ ఇంగ్లండు చేరి కంపెనీ పెట్టాడు. మా నాన్న డబ్బా మీద ఉన్న ఏరోగ్రాఫ్ ఆ కంపెనీ పేరే. చికాగో పుట్టిల్లు, లండన్ మెట్టిల్లు, అక్కణ్ణించి మద్రాసు, చివరికి రాజమండ్రి వరండా.

ఇక్కడ మొదటి ప్రశ్న తేలిపోతుంది. డబుల్ యాక్షన్ అంటే ఒకే వేలు రెండు పనులు చెయ్యడం: నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. సింగిల్ యాక్షన్‌లో నొక్కితే రెండూ ఒకేసారి వస్తాయి, ఎంత రంగు రావాలో ముందే మర తిప్పి పెట్టుకోవాలి. కొత్తవాడికి సింగిల్ తేలిక అని దుకాణంలో చెబుతారు. మొహాల పనివాళ్లకు డబుల్ ఎందుకు కావలసి వచ్చిందో చూస్తే ఆ మాట నిలవదు. చెంప మీద నీడ ఒక చోట మొదలై ఒక చోట కరిగిపోవాలి. గీత మధ్యలో ఆగి మర తిప్పుకుంటూ కూర్చుంటే చెంప మీద మచ్చ పడుతుంది.

నాన్న నాకు పాత కాగితం మీద నేర్పించింది ఇదొక్కటే.

"ఒరే, ముందు గాలి, తరవాత రంగు. ఆపేప్పుడు ముందు రంగు ఆపు, తరవాత గాలి. తిరగేశావో, ఉమ్మేస్తుంది."

తిరగేశాను. ఉమ్మేసింది. అటూ ఇటూ కాళ్లున్న సాలీడులా మరక పడింది. దాన్ని చూసి నాన్న నవ్వారు కూడా. పని దగ్గర ఆయన నవ్వడం తక్కువ. వారం పాటు ఖాళీ గిన్నెతో ఉత్త గాలి నొక్కించారు. వారం తరవాత వేలికి తెలిసింది. ఇప్పటికీ రంగు ఆపాక గాలి ఒక్క క్షణం ఎక్కువ వదులుతాను.

ఆయన పనిలో ఇంకొకటి దగ్గరగా చూసింది చెప్పాలి. మొహం చుట్టూ ఉన్నదంతా పోగొట్టడానికి ట్రేసింగ్ కాగితాన్ని ఆ మొహం ఆకారంలో బ్లేడుతో కోసి, మొహం మీద కప్పి, కదలకుండా నాలుగు పాత రాగి కానులు పెట్టేవారు. దాని మీద బూడిదరంగు చిమ్మి కాగితం తీస్తే మొహం ఒక్కటే మిగిలేది. అయితే భుజాల దగ్గర కాగితాన్ని అతికినట్టు ఆనించేవారు. జుట్టు దగ్గరికొచ్చేసరికి వేలి గోరుతో కొంచెం పైకెత్తి పట్టుకునేవారు. ఆనిన చోట అంచు కత్తితో కోసినట్టు వచ్చేది, ఎత్తిన చోట పొగలా మెత్తగా వచ్చేది. ఎత్తు ఎంతో అంచు అంత. ఆనించి ఉంటే జుట్టు టోపీ పెట్టినట్టు కనిపిస్తుందని చెప్పేవారు.

ఇదే చేతివాటం ఇంకోచోట వేరే పనికి వాడారు. మాస్కో–వోల్గా కాలువ గట్టున స్టాలిన్ పక్కన నిలబడిన రహస్య పోలీసు అధిపతి నికోలాయ్ యెజోవ్‌ని 1940లో కాల్చి చంపాక, ఆ ఫోటోలో ఆయనున్న చోట కాలువ నీళ్లు మాత్రమే మిగిలాయి. పోయినవాణ్ణి గుంపులోంచి బయటికి తియ్యడం నాన్న పని, గుంపులోంచి పోగొట్టడం వాళ్ల పని.

చికాగో చుట్టుపక్కల ఎయిర్‌బ్రష్‌ల తయారీ పాతుకుపోయింది. నార్వే నుంచి వచ్చిన యెన్స్ పాషే 1904లో అక్కడే తన పేరుతో కంపెనీ పెట్టాడు. ఒహాయోలో కథ గొంతు దగ్గర మొదలైంది: టొలీడో వైద్యుడు అలెన్ డివిల్‌బిస్ రోగుల గొంతులోకి మందు చిమ్మే బుడ్డి చేసి 1888లో దాన్ని వ్యాపారంగా పెట్టాడు, కొడుకు థామస్ 1907లో అదే సూత్రంతో రంగు చిమ్మే పెద్ద గన్ను చేశాడు. 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లకు త్వరగా ఆరే డ్యూకో లక్క రంగు నీలంగా పడిందంటే, వారాలు పట్టే కారు రంగు పని గంటల్లోకి దిగిందంటే, అది స్ప్రే గన్ను చలవే. మన ఊళ్లలో డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో చూసేది దాని మనవణ్ణే. డివిల్‌బిస్ వాళ్లే తరవాత ఏరోగ్రాఫ్‌ని కూడా కలుపుకున్నారు. గొంతుమందు బుడ్డీ, దండ ఫోటో పెన్నూ ఒకే గూటికి చేరాయి.

మొహాలు దాటి ఈ పనిముట్టు చంద్రుడి దాకా వెళ్లింది. 1960లలో ఆరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీలో పట్రీషియా బ్రిడ్జెస్ అనే ఆవిడ 24 అంగుళాల టెలిస్కోపులోంచి చంద్రుణ్ణి చూస్తూ, ఫోటోలు పక్కన పెట్టుకుని, ఎయిర్‌బ్రష్‌తో చంద్రపటాలు వేసింది. ఒక్కో గుంట అంచునా ఎండ ఏ వైపు నుంచి పడితే నీడ ఎటు వాలుతుందో మెత్తగా చిమ్మింది. మొహం మీద పల్లం చెంప అయితే, చంద్రుడి మీద పల్లం బిలం. సాధనం అదే.

ఇప్పుడు బొమ్మల సంగతి. బ్రిటన్‌లో 1936లో ఫ్రాగ్ పెంగ్విన్ పేరుతో 72వ వంతు సైజులో ప్లాస్టిక్ విమానాల కిట్లు వచ్చాయి. యుద్ధంలో శత్రు విమానమేదో మన విమానమేదో గుర్తుపట్టడం నేర్పడానికి అమెరికా నౌకాదళం 1942లో బడి పిల్లల చేత 5 లక్షల చెక్క నమూనాలు చేయించమని అడిగింది. అవీ 72వ వంతే, వాటికి నల్లరంగు తప్ప ఇంకేమీ లేదు. ఆకాశంలో నల్లటి నీడే కనిపిస్తుంది కదా. యుద్ధం తరవాత ఎయిర్‌ఫిక్స్ రెండు షిల్లింగులకు స్పిట్‌ఫైర్‌ని సంచీలో పెట్టి అమ్మింది, రెవెల్, తమియా వచ్చాయి. రంగు మాత్రం కుంచెతోనే. హల్ నగరంలోని హంబ్రోల్ కంపెనీ వేలెడంత ఎనామెల్ డబ్బాలు, ఒక కుంచె, కిటికీ పక్కన బల్ల. ఒక తరం పిల్లలు దాంతోనే పెరిగారు.

నా మొదటి కిట్టు 1979లో వచ్చింది. మరమ్మతుకు వచ్చిన ఓడలో ఇంజనీరు ఒకాయన తన కొడుక్కని కొన్న స్పిట్‌ఫైర్ పెట్టె నాకిచ్చాడు, కొడుకు పెద్దవాడైపోయాడట. నేనప్పుడు పెళ్లి కావలసిన వయసులో ఉన్నాను. హార్డ్‌వేర్ షాపులో ఎనామెల్ డబ్బాలు కొని, కుంచెతో పూశాను. ఆరాక చూస్తే సున్నం కొట్టిన గోడలా చారలు. ఆకుపచ్చకీ మట్టిరంగుకీ మధ్య గీత గట్లు కట్టింది.

ఎందుకలా ఉంటుందో డ్రాయింగ్ బల్ల మీద లెక్క వేసుకున్నాను. అసలు విమానం మీద రంగుకీ రంగుకీ మధ్య 5 సెంటీమీటర్ల మేర మెత్తగా కలిసిందనుకోండి. 72వ వంతులో అది 0.7 మిల్లీమీటరు. 48వ వంతులో మిల్లీమీటరు. కుంచెతో 0.7 మిల్లీమీటరులో రంగుని పొగలా కరిగించడం మానవమాత్రుడి వల్ల కాదు. ఇంక జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109ల పక్కల మీద గన్నుతో చిమ్మిన మచ్చలు, వాన చినుకులు పడ్డ దుమ్ములా ఉండేవి, వాటి సంగతి చెప్పక్కర్లేదు. మోడలర్లు కుంచె వదిలి ఎయిర్‌బ్రష్ పట్టింది ఈ 0.7 మిల్లీమీటరు కోసమే. నాజిల్ ఎంత సన్నం కావాలన్న ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది.

ఆ ఏడాది సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు నాన్నని అడిగాను. "తీసుకుపో. ఇప్పుడు కలర్ ఫోటోలొచ్చేశాయి, నాకు పనే ఉండట్లేదు" అన్నారు. ఇచ్చేప్పుడు ఒక మాట అన్నారు: "ఇది సిరా తాగే వస్తువు. నీ గోడ రంగులు దీనికి పడవు." విన్నాను. అయినా పోశాను. ఫోటో సిరా నీళ్లలా ఉంటుంది, ఏరోగ్రాఫ్ నాజిల్ రంధ్రం వెంట్రుకంత. సింథటిక్ ఎనామెల్‌లో రంగు పొడి ముతక. థిన్నర్ సరిగ్గా కలపలేదు. మూడో నిమిషంలో మూసుకుపోయింది. సూదిని వెనక్కి లాగి మళ్లీ గట్టిగా ముందుకు తోశాను. టిక్కుమని చిన్న చప్పుడు. బియ్యపు గింజలో సగం కూడా లేని ఆ నాజిల్ అంచు నిలువునా చీలింది. అక్కడితో అది చిమ్మడం మానేసి కారడం మొదలెట్టింది. తప్పు పూర్తిగా నాదే. మద్రాసు, కలకత్తా, బొంబాయి, ఎక్కడ అడిగినా ఆ పాత మోడలుకి నాజిల్ లేదన్నారు. నాన్న ఏమీ అనలేదు. టైరు మాత్రం పాత సామాన్ల వాడికి అమ్మేశారు.

అమెరికాలో ఆ రోజుల్లో 1964లో చికాగో పక్కనే పుట్టిన బ్యాడ్జర్ అనే కంపెనీ సరిగ్గా మాలాంటి మొరటు చేతుల కోసం సరుకు చేసింది. బ్యాడ్జర్ 350, పాషే హెచ్, ఇవి సింగిల్ యాక్షన్, రంగూ గాలీ నాజిల్ బయట కలుస్తాయి, సీసా కింద వేలాడుతుంది. ముతక రంగు పోసినా పోతుంది, కిందపడినా చావదు. గాలికి డబ్బాలో నింపిన గ్యాసు అమ్మేవారు. కారు స్టెప్నీ టైరుకి తగిలించుకునే అడాప్టరు కూడా అమ్మేవారని తెలిసినప్పుడు నాకు నవ్వాగలేదు. మా నాన్న పేటెంటు!

సీసా కిందుంటే రంగుని పైకి పీల్చాలి, పీల్చాలంటే గాలి ఒత్తిడి ఎక్కువ కావాలి, ఒత్తిడి ఎక్కువైతే బొమ్మకి దూరంగా ఉండి కొట్టాలి, దూరమైతే గీత లావవుతుంది. లారీ డోరు మీద డ్రాగన్ బొమ్మ వేసేవాడికి, టీషర్టు మీద వేసేవాడికి ఇది సరిపోతుంది. అరచేతిలో పట్టే విమానానికి కాదు. కప్పు పైనుంటే రంగు తన బరువుకి తనే దిగుతుంది, 15–20 పీఎస్‌ఐ చాలు, అంగుళం దూరం నుంచి కొట్టొచ్చు. ఫోటో సిరా కోసం ఏరోగ్రాఫ్ వాళ్లు చింతగింజంత గిన్నె ఎందుకు పెట్టారో ఇందులో తెలుస్తుంది. ఆ పద్ధతినే జపాన్ వాళ్లు పట్టుకుని పదును పెట్టారు. ఇవాటా 1926 నాటి కంపెనీ. 1980లో బండాయ్ 300 యెన్‌లకు గండామ్ మరబొమ్మల కిట్టు విడుదల చేశాక అక్కడ కిట్లు కట్టని పిల్లాడు లేడన్నంత గోల. మిస్టర్ హాబీ, తమియా పేర్లతో మోడలర్ల కోసమే ఎయిర్‌బ్రష్‌లు వచ్చాయి, 0.3 నాజిల్‌తో, కప్పు పైనే పెట్టుకుని. వందేళ్లకు మొదటిసారి ఈ పనిముట్టు మన పేరు రాసుకుని వచ్చింది.

వచ్చింది కానీ పాత అలవాటు వదల్లేదు. ఇప్పటి మోడలర్లు విమానం రేకుల అతుకుల వెంట ముందే నల్లరంగు గీతలు కొట్టి, దానిపైన అసలు రంగు పలచగా వేసి, నీడలు తొంగిచూసేలా చేస్తారు. ప్రీ షేడింగ్ అంటారు. నాకైతే అది నాన్న చెంప కింద వేసిన నీడే. విమానానికి కూడా మొహంలా ఎత్తుపల్లాలున్నట్టు నమ్మించడం. మితంగా ఉంటే బాగుంటుంది. మితం తప్పితే విమానం గళ్ల లుంగీ కట్టుకున్నట్టుంటుంది. ఈ మధ్య లుంగీలే ఎక్కువ కనిపిస్తున్నాయి. ఇంకో పాత అలవాటు మాత్రం బంగారం: మెత్తటి అంచు కోసం కాగితాన్ని ఆకారంగా కోసి, కింద జిగురు మట్టి ఉండలు పెట్టి కొంచెం ఎత్తి, పైన చిమ్ముతారు. కుర్రాళ్లకి నేను ఇది చూపిస్తుంటే రాగి కానులూ, గోరుతో ఎత్తిన కాగితమూ గుర్తొస్తాయి. ఎత్తు ఎంతో అంచు అంత.

ఇక కొనే సంగతి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో 130 అన్న నంబరుతో చైనా ఎయిర్‌బ్రష్ చవగ్గా దొరుకుతుంది. కప్పు పైనే, డబుల్ యాక్షనే, నాజిల్ 0.3. లోపల సీలు ఒక్కోసారి గాలి పోనిస్తుంది, పూత త్వరగా పోతుంది. అయినా మొదటి ఆర్నెల్లకి అది చాలు. మీరు దాన్ని ఎలాగూ కింద పడేస్తారు. వేలికి ఉత్త గాలి వారం పూర్తయ్యాక ఇవాటా, హార్డర్ అండ్ స్టీన్‌బెక్‌ల వైపు చూడండి. 0.2 నాజిల్ మొదటే కొనకండి. అది సిరా తాగే జాతి, మెటాలిక్ రంగు పోస్తే ఏడిపిస్తుంది. 0.5 ప్రైమరుకి, వార్నిషుకి బాగుంటుంది. ఒకటే కొనగలిగితే 0.3. సింగిల్ యాక్షన్ వద్దు. సీసా కింద ఉండేది వద్దు.

డబ్బు మిగిలితే మొత్తం కంప్రెసర్‌లో పెట్టండి. మూడు లీటర్ల ట్యాంకున్న చిన్నది చాలు. ట్యాంకు లేనిదాంట్లో గాలి గుండె కొట్టుకున్నట్టు వస్తుంది, గీతలో ఆ దడ కనిపిస్తుంది. నీటి ఫిల్టరు మాత్రం తప్పనిసరి. గాలిని కుదిస్తే అందులో తేమ నీరవుతుంది. మన విశాఖ గాలి సంగతి తెలిసిందే కదా, శ్రావణ భాద్రపదాల్లో ఫిల్టరు గిన్నెలో గంటకి చెంచా నీళ్లు చేరతాయి. ఆ నీళ్లు రంగులో పడితే నాన్న చూపించిన సాలీడే. అదే వానల్లో లక్క రంగులు కొడితే ఆరేలోపు తెల్లగా పొగచూరినట్టవుతాయి. ఆ రోజు అతుకులు గీక్కుంటూ కూర్చోవడం మంచిది.

రంగు ఎంత పలచగా ఉండాలని అడుగుతారు. పాలలా అని పుస్తకాల్లో రాస్తారు. ఏ పాలు? మా ఇంటి లెక్కలో వెన్న తీసిన పాలు. గాజు గ్లాసు లోపలి గోడకి పూస్తే సన్నటి పొర మిగిల్చి కిందికి జారాలి. పది నిమిషాలు కొడితే ఇరవై నిమిషాలు కడగాలి. అంత ఓపిక లేనివాడు కుంచెతోనే పుయ్యడం నయం. మాస్కు లేకుండా థిన్నరు రంగు కొట్టొద్దు. షిప్‌యార్డు పెయింటర్లు ఎండాకాలంలో కూడా చెమటలు కక్కుతూ మాస్కు ఎందుకు తగిలించుకునేవారో చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

నాన్న పోయినప్పుడు మాకు ఫోటో వెతుక్కునే పని పడలేదు. డిజిటల్ ఫోటోలు బోలెడున్నాయి. స్టూడియో కుర్రాడు కంప్యూటర్‌లో వెనకాల ఉన్నదంతా పది నిమిషాల్లో చెరిపేశాడు. జుట్టు దగ్గర అంచు కత్తితో కోసినట్టు వచ్చింది, టోపీ పెట్టినట్టు. నేనేమీ అనలేదు.

ఆ ఏరోగ్రాఫ్ ఇప్పటికీ మఖమల్ డబ్బాలోనే ఉంది. సూది తిన్నగా ఉంది, మీట జారుగా ఆడుతుంది, నికెల్ పూత చెక్కుచెదరలేదు. పని చెయ్యదు. కాబట్టి మీరు కొనబోయే ఎయిర్‌బ్రష్ ఏ కంపెనీదైనా, ఎంత ఖరీదుదైనా, డబ్బిచ్చే ముందు దుకాణం వాణ్ణి ఒక్కటి అడగండి: దీని నాజిల్ విడిగా దొరుకుతుందా? దొరుకుతుందంటే, అప్పుడే ఇంకొకటి అదనంగా కొని పెట్టుకోండి.